వేట తుపాకి, తూటా, చట్టం: గోదావరి మన్యం (1857–1924)

7.1 ఉపోద్ఘాతం

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్‌ను ముట్టడించింది. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు దాని వశమయ్యాయి. ఈ సంఘటన మీరు పాఠశాలలో చదువుకున్నదే. స్వాధీనమైన సామగ్రి లెక్క కూడా చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. చింతపల్లిలో 11 తుపాకులు, 1,390 తూటాలు. రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు. కృష్ణదేవిపేటలో 7 తుపాకులు, కొంత మందుగుండు. మొత్తం 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు.

మనకు సాధారణంగా 26 అనే అంకె మాత్రమే గుర్తుంటుంది. ఈ భాగంలో మీ దృష్టిని రెండో అంకె మీదికి మళ్లించదలచాను. 2,500ను 26తో భాగించి చూడండి. ఒక్కో తుపాకికి వంద తూటాలు కూడా రావు. ఆ వంద అయిపోయిన మరునాడు ఆ తుపాకి దేనికి పనికొస్తుంది? అదే మన్యంలో ఒక కొండరెడ్డి లేదా కోయ వేటగాడి నాటు తుపాకి అయితే ఈ ప్రశ్నకు సమాధానం వేరుగా ఉంటుంది. ఆ తేడా ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే తుపాకిలో మందు నింపే పని ఎవరి చేతిలో ఉండేది, అది ఆ చేతిలోనుంచి ఎలా జారిపోయింది అన్నది చూడాలి.

ఒక భౌగోళిక వివరం. 1922 నాటికి రంప ప్రాంతం గోదావరి జిల్లాలో, గూడెం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అనే పేర్లు 1925లో వచ్చాయి. డెల్టా నుంచి చదువుతున్న విద్యార్థులకు ఇది దూరపు కథ కాదు. రాజమహేంద్రవరంలో బస్సెక్కితే రంపచోడవరం రెండు గంటల ప్రయాణం.

7.2 నాటు తుపాకి: ప్రతి గుండూ చేతి పనే

గొట్టం మూతి వైపునుంచి మందు పోసే తుపాకిని మన ప్రాంతంలో నాటు తుపాకి అంటారు. కొన్నిచోట్ల బర్మారు అంటారు. దీనికి విడిగా తూటా అనేది ఉండదు. వేటగాడు ముందు మందు పోస్తాడు. దాని మీద పీచో గుడ్డముక్కో పెట్టి ఇనుపచువ్వతో దట్టిస్తాడు. ఆ తరువాత సీసపు గుండు, లేదా చిన్న రవ్వలు వేస్తాడు. అవి జారిపోకుండా మళ్లీ ఒక దట్టింపు. నిప్పు అంటించడానికి పాతకాలంలో వత్తి, తరువాతి కాలంలో చిన్న రాగి క్యాపు. ఇంత జరిగితే పేలేది ఒక్కసారి.

ఈ పద్ధతి మోటుదని అనుకోవద్దు. ఏ జంతువుకు ఎంత మందు, ఎంత బరువు గుండు అనే నిర్ణయం పూర్తిగా వేటగాడిదే. అడవికోడికి ఒక నింపుడు, దుప్పికి ఒక నింపుడు, అడవిపందికి ఇంకొకటి. మందు తడిసిందా, పొడిగా ఉందా, పాతబడిందా అన్నది వేళ్లతో నలిపి తెలుసుకోవాలి. గుండు గొట్టంలో వదులుగా ఉంటే పక్కలనుంచి గాలి పోయి దెబ్బ తగ్గుతుంది, గురి తప్పుతుంది. గుడ్డముక్క మందం సరిగ్గా కుదిరితే అదే తుపాకి మెరుగ్గా కొడుతుంది. ఇవన్నీ పుస్తకంలో రాసుకున్న విద్యలు కావు. వేసవి మొదట్లో జరిగే ఇటుకల పండుగలో మగవాళ్లంతా రోజుల తరబడి వేటకు వెళ్లే ఆచారం మన్యంలో ఉంది. విల్లమ్ములతో మొదలై తుపాకి వరకు, గురి నేర్పే బడి అదే.

మందుకు కావలసినవి మూడు: పెట్లుప్పు, గంధకం, బొగ్గు. పెట్లుప్పునే సురేకారం అంటాం. ఇది మన దేశంలో నేలలోనుంచి తీసేవారు. తూర్పు ఇండియా కంపెనీ ఓడల్లో ఐరోపాకు వెళ్లిన ముఖ్యమైన సరుకుల్లో ఇదొకటి. అంటే ఐరోపా యుద్ధాల్లో పేలిన మందులో మన ఉప్పు పాలు తక్కువేమీ కాదు. బొగ్గుకు అడవి ఉంది. సంతలో కొనుక్కోవలసినవి గంధకం, సీసం మాత్రమే. కాబట్టి నాటు తుపాకి ఉన్నవాడు ఏ కర్మాగారానికీ పూర్తిగా బందీ కాడు.

లోపాలూ చెప్పుకోవాలి. గొట్టం లోపల మరగాళ్లు ఉండవు గనుక గుండు తిరగకుండా పోతుంది. యాభై అరవై గజాలు దాటితే తగలడం అదృష్టం. ఇక మన్యంలో వానాకాలం అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. వత్తి తడిస్తే తుపాకి కర్రతో సమానం.

7.3 గురిని తగ్గించిన ప్రభుత్వం

1857 తిరుగుబాటుకు తక్షణ కారణంగా మీరు చదివిన ఎన్‌ఫీల్డు తూటా సంగతి ఈ కోణంలో మళ్లీ ఆలోచించండి. ఆ కాగితపు తూటాను పళ్లతో చింపి, మందును గొట్టంలో పోసి, గుండును దట్టించాలి. అంటే అదీ చేతితో నింపేదే. కొవ్వు వివాదం మనకు తెలుసు. ఆ తరువాత ప్రభుత్వం చేసిన పని మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఎన్‌ఫీల్డు గొట్టంలోని మరలను తీసేసి, నున్నటి గొట్టంతో 1858 నమూనా తుపాకిని భారతీయ సిపాయిలకు ఇచ్చారు. చూడటానికి అదే తుపాకి. గురి మాత్రం తగ్గింది. బ్రిటిష్ సైనికుల చేతిలో ఉన్న ఆయుధం కంటే ఒక తరం వెనకటిది భారతీయ సిపాయికి ఇవ్వడం ఆ తరువాత చాలాకాలం విధానంగా సాగింది. పాలనా చరిత్రలో దీనికి ఒక పేరా కూడా దక్కదు. నా ఉద్దేశంలో ఒక అధ్యాయం దక్కాలి.

7.4 ఇత్తడి తూటా తెచ్చిన మార్పు

1860ల తరువాత తుపాకి స్వరూపం మారింది. మందు, గుండు, క్యాపు మూడూ ఒకే ఇత్తడి గొట్టంలో ఇమిడి, వెనుకనుంచి పెట్టే తూటాగా వచ్చాయి. 1866 నాటి స్నైడరు, 1871 నాటి మార్టినీ–హెన్రీ, ఆ తరువాత పాయింట్ 303 ఈ వరుసలోవి.

తూటా పాఠం చదివేటప్పుడు గ్రెయిన్ అనే కొలత తెలిసి ఉండాలి. 7,000 గ్రెయిన్లు ఒక పౌను. మన కంసాలి వాడే గురిగింజ ఎత్తు సుమారు రెండు గ్రెయిన్లు. మార్టినీ–హెన్రీ తూటాలో 85 గ్రెయిన్ల నల్లమందు, 480 గ్రెయిన్ల సీసపు గుండు ఉండేవి. 1910లో వచ్చిన 303 ఏడో నమూనా తూటాలో గుండు 174 గ్రెయిన్లు మాత్రమే, కానీ అది సెకనుకు 2,440 అడుగుల వేగంతో బయలుదేరేది. బరువు తగ్గి వేగం పెరగడానికి కారణం పొగరాని మందు. 303లో వాడిన ఆ మందు పేరు కార్డైట్.

వేట రైఫిలు గురి రహస్యం ఇక్కడ ఉంది. మరలున్న గొట్టం గుండును తిప్పి నేరుగా పంపుతుంది. అయితే పది గుండ్లు ఒకేచోట తగలాలంటే పదీ ఒకే వేగంతో బయలుదేరాలి. మందు ఎత్తు, గుండు ఎత్తు, గుండు ఇత్తడిలో కూర్చున్న లోతు, క్యాపు రకం, ఇత్తడి గోడ మందం, వీటిలో ఏది మారినా వేగం మారుతుంది. దానితో పేలినప్పుడు గొట్టంలో పుట్టే కంపనం కూడా మారుతుంది. దూరపు లక్ష్యం దగ్గర అది జానెడు తేడాగా బయటపడుతుంది. కర్మాగారం లక్షల తూటాలను అన్ని రైఫిళ్లకూ సరిపోయేట్టు చేస్తుంది. ఏ ఒక్క రైఫిలుకూ ప్రత్యేకంగా చేయదు. అందుకే అమెరికాలో 1880ల నాటికే పేలిన ఇత్తడి గొట్టాన్ని మళ్లీ నింపుకునే పటకారు వంటి పరికరాలు వేటగాళ్లకు అమ్మేవారు. మొదట ఖర్చు తగ్గించుకోవడానికి, పట్నానికి దూరంగా ఉన్నప్పుడు అక్కరకు రావడానికి. తరువాత తమ రైఫిలుకు ఏ నింపుడు నప్పుతుందో ఓపికగా వెతుక్కోవడానికి. నాటు తుపాకి వేటగాడు వేళ్లతో చేసిన పనినే వీళ్లు త్రాసుతో చేశారు.

వాతావరణం పాత్రనూ గమనించండి. కార్డైట్ వేడెక్కితే పేలుడు ఒత్తిడి పెరుగుతుంది. ఇంగ్లండులో చలిలో పరీక్షించిన తూటా మే నెలలో రాజమహేంద్రవరం ఎండలో ప్రమాదకరం కావచ్చు. ఇత్తడి గొట్టం గదిలో బిగుసుకుపోయి బయటికి రాకపోవచ్చు. పులి ఎదురుగా ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. అందుకని బ్రిటిష్ కంపెనీలు భారతదేశానికీ ఆఫ్రికాకూ మందు తగ్గించిన ఉష్ణమండలపు తూటాలను విడిగా తయారుచేసేవి. కలెక్టర్లు, అటవీ అధికారులు, కొందరు జమీందారులు వాడినవి ఓడల్లో వచ్చిన ఇలాంటి తూటాలే. మన వేసవిని వాళ్లు బర్మింగ్‌హామ్‌లో లెక్కలోకి తీసుకున్నారు.

7.5 పీచు కూడా ఆయుధమే: 1878 చట్టం

ఆయుధాల చట్టం 1878లో, లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చింది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదన్నది అందరికీ తెలిసిన భాగం. మీరు చదవవలసింది అందులోని నిర్వచనాలు. మందుగుండు అనే మాట కిందికి ఆ చట్టం చెకుముకి రాళ్లను, క్యాపులను, గుండు మీద దట్టించే పీచు బిళ్లలను, తూటా భాగాలన్నిటినీ, తూటాలు తయారుచేసే యంత్రాలను కూడా తెచ్చింది. సీసం, గంధకం, సురేకారం మాత్రం ఈ నిర్వచనంలో లేవు. వాటిని సైనిక సామగ్రి అనే మరో మాట కింద ఉంచి, ఎక్కడ అవసరమైతే అక్కడ నిషేధాన్ని వాటికీ విస్తరించే అధికారాన్ని గవర్నర్ జనరల్ తన వద్ద ఉంచుకున్నాడు. లైసెన్సు లేకుండా తయారీ, అమ్మకం నేరాలు. శిక్ష మూడేళ్ల వరకు జైలు. ఈ చట్టం కింది నియమాలలో ఐరోపా జాతీయులకు చాలాకాలం మినహాయింపు ఉండేది.

చట్టం రాసినవాళ్లకు తుపాకి ఎలా పేలుతుందో బాగా తెలుసు. ఇనుప గొట్టాన్ని దాచవచ్చు, పూడ్చిపెట్టవచ్చు, తాతనుంచి మనవడికి ఇవ్వవచ్చు. కానీ మందు, క్యాపు, సీసం ఏటా కావాలి. వాటి దారి పట్టుకుంటే తుపాకిని వెతికే పని తగ్గుతుంది.

మరుసటి ఏడాదే, 1879 మార్చిలో, రంప పితూరీ మొదలైంది. దాని కారణాలు, అంటే మన్సబుదారు దోపిడీ, కల్లు మీద చిగురుపన్ను, అప్పుల కింద పోతున్న భూములు, మీరు వెనుకటి భాగంలో చదివారు. ద్వారబందాల చంద్రయ్య అడ్డతీగల పోలీసు స్టేషన్‌ను తగలబెట్టాడు. తిరుగుబాటు గూడెం కొండలకు, రేకపల్లికి పాకింది. దాన్ని అణచడానికి మద్రాసు పదాతి పటాలాలు రావలసివచ్చింది. అడ్డతీగల పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

చేతితో తూటా నింపే నేర్పు గురించి ప్రభుత్వానికి ఎంత భయమో చెప్పే ఉదాహరణ 1907లో దొరుకుతుంది. ఆ ఏడాది భారతదేశంలో పాయింట్ 450 వేట రైఫిళ్లను, తూటాలను నిషేధించారు. ఏనుగు, అడవిదున్న వంటి పెద్ద జంతువుల వేటకు తెల్లదొరలు ఎంతో ఇష్టపడిన కొలత అది. వేటగాళ్ల మీద కోపం కాదు కారణం. మార్టినీ–హెన్రీ రైఫిలు గొట్టం కొలత కూడా దాదాపు 450యే. దొరగారి వేట తూటాలోని గుండును ఊడబీకి, పాత మార్టినీ ఇత్తడి గొట్టంలో పెట్టి మళ్లీ నింపితే అది యుద్ధపు తూటా అవుతుంది. ఆ రైఫిళ్లు తిరుగుబాటుదారుల చేతుల్లో చాలానే ఉన్నాయి. నిషేధం రాగానే ఇంగ్లండులోని తుపాకి కంపెనీలు 465, 470, 475, 476 అంటూ కొత్త కొలతలు కనిపెట్టాయి. ఇప్పటికీ ప్రపంచంలో పేరున్న 470 వేట తూటా పుట్టుకకు వెనుక ఉన్నది భారతదేశంలో ఎవరో మూలన కూర్చుని తూటా నింపుకుంటాడేమో అన్న అనుమానమే. సైన్యం వాడే 303 తూటా పౌరులకు దొరకకుండా చేసింది కూడా ఇదే ఆలోచన. ఇచ్ఛాపూర్ కర్మాగారపు పాయింట్ 315 వేట రైఫిలు మన రైతుల ఇళ్లలో కనిపించడానికి మూలం అక్కడ ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1878 చట్టం సీసం, గంధకం, సురేకారాలను మందుగుండు నిర్వచనంలో చేర్చకుండా వేరుగా ఎందుకు ఉంచి ఉంటుంది? ఈ మూడింటికీ ఇంట్లో, వ్యవసాయంలో, వైద్యంలో ఉన్న ఉపయోగాలను దృష్టిలో ఉంచుకుని పది వాక్యాల్లో రాయండి.

7.6 1922–24: తూటాల లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆగస్టు దాడులలో రాజు దళం స్టేషన్‌లో దొరికిన సామగ్రి జాబితాను స్టేషన్ డైరీలో రాసి సంతకం చేసిందని చరిత్రకారులు చెబుతారు. దీన్ని సాధారణంగా రాజు ధైర్యానికి, నిజాయితీకి గుర్తుగా చెప్పుకుంటాం. అది నిజమే. దానితోపాటు ఇంకొకటి చూడండి. తూటాలను లెక్కపెట్టుకున్న దళం అది. గొట్టం కంటే దానిలో పెట్టేది విలువైనదని దానికి తెలుసు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో జరిగినది ఈ మాటను బలపరుస్తుంది. దళం పొదల్లో కాచుకుని, ముందు నడుస్తున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు అధికారులను కాల్చి చంపింది. తూటాలు కురిపించి గెలిచిన పోరాటం కాదిది. దగ్గరి దూరం, ఎంచుకున్న లక్ష్యం, తక్కువ కాల్పులు. ఒక్క నింపుడుతో దుప్పిని పడగొట్టవలసిన వేటగాడి పద్ధతి ఇదే. ఒక్కో తుపాకికి వంద తూటాలున్న దళం ఇంకోలా పోరాడలేదు కూడా.

అక్టోబరు 15న దళం అడ్డతీగల స్టేషన్‌కు వచ్చింది. చంద్రయ్య కాలంనాటి అడ్డతీగలే. ఈసారి దాన్ని తగలబెట్టవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే లోపల ఏమీ లేదు. ముందే ఆయుధాలను, తూటాలను తప్పించారు. 19న రంపచోడవరంలోనూ అంతే. 1923 ఏప్రిల్ 17న అన్నవరం స్టేషన్‌లో పోలీసులు ఎదురు తిరగకుండా లొంగిపోయారు. అక్కడా ఆయుధాలు లేవు. ఈ మూడు సంఘటనలను ప్రజాభిమానానికి ఉదాహరణలుగా మాత్రమే చదవడం చాలదని నా అభిప్రాయం. అన్నవరంలో జనం రాజుకు నీరాజనం పట్టారు, నిజమే. కానీ ప్రభుత్వం రెండు నెలల్లోనే ఒక పాఠం నేర్చుకుంది. స్టేషన్‌ను కాపాడనవసరం లేదు, ఖాళీ చేస్తే చాలు.

మధ్యలో 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం వరిచేలలో జరిగిన పోరులో దళం మనుషులను పోగొట్టుకుంది, కొన్ని ఆయుధాలనూ పోగొట్టుకుంది. పోయిన ప్రతి తుపాకితో దాని తూటాలూ పోయాయి.

మరి మళ్లీ నింపుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. సీసం కరిగించి గుండు పోయడం మన్యంలో కొత్త విద్య కాదు. నల్లమందు నూరడం కూడా కాదు. పేలిన ఇత్తడి గొట్టాన్ని దాచుకోవచ్చు. ఆగిపోయేది ఎక్కడంటే, గొట్టం అడుగున ఉండే చిటికెన గోరంత క్యాపు దగ్గర. దెబ్బ తగలగానే భగ్గుమనే ఆ రసాయనం అడవిలో దొరకదు, కుంపటిలో తయారు కాదు. అది కర్మాగారపు వస్తువు. నాటు తుపాకి కాలంలో వత్తితోనైనా పని నడిచింది. ఇత్తడి తూటా వచ్చాక గొలుసులో ఈ ఒక్క లంకె తయారుచేసేవాడి చేతిలోకి పోయింది. పోలీసు తుపాకి దూరం కొడుతుంది, వానలోనూ పేలుతుంది. అయితే దాన్ని పట్టుకున్న తిరుగుబాటుదారు తిండిగింజల కోసం పల్లెమీద ఆధారపడినట్టే తూటాల కోసం శత్రువు మీద ఆధారపడాలి. పల్లె ఇచ్చింది. శత్రువు ఇవ్వడం మానేశాడు.

రాజు ఓటమికి తూటాల కొరత ఒక్కటే కారణమని పరీక్షలో రాయకండి. మలబారు పోలీసులు, 1924 జనవరి నుంచి అస్సాం రైఫిల్స్ బలగాలు, గ్రామాల మీద ఒత్తిడి, తిండి అందకుండా చేయడం, నాయకులు ఒక్కొక్కరుగా పట్టుబడటం, 1923 సెప్టెంబరులో గాం మల్లుదొర చిక్కడం, అన్నీ కలిశాయి. 1924 మే 7న రాజును కాల్చి చంపారు. జూన్ నెలలో గాం గంటందొర మరణంతో పోరాటం ముగిసింది. పైన చెప్పినదానిలో చాలాభాగం మనకు పోలీసు కాగితాల ద్వారా వచ్చిందన్న సంగతి కూడా మరచిపోవద్దు. పోయిన ఆయుధాల లెక్క తక్కువ చేసి చూపడం ఏ శాఖకైనా సహజం. అందుకే ఒకే సంఘటనకు రెండు మూడు ఆధారాలను పోల్చి చూసే అలవాటు చేసుకోండి.

7.7 స్వాతంత్ర్యం తరువాత

1959లో కొత్త ఆయుధాల చట్టం వచ్చి 1878 చట్టం రద్దయింది. అయినా మందుగుండు నిర్వచనంలో తూటా భాగాలు, తూటా తయారీ యంత్రాలు అలాగే కొనసాగాయి. తయారీకి ప్రత్యేక లైసెన్సు కావాలి. అందువల్ల అమెరికాలో ఇంటి వెనుక కొట్టంలో జరిగే పని, అంటే తన రైఫిలుకు నప్పే తూటాను తానే నింపుకోవడం, మన దేశంలో తుపాకి లైసెన్సు ఉన్నవాడికి కూడా ఆ లైసెన్సుతో చెల్లదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట కూడా నేరమైంది. పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా మారాయి. ఒకప్పుడు గురి నేర్పిన అడవి అది.

మీ ఊళ్లో పంట కాపలా కోసమో ఆత్మరక్షణ కోసమో తుపాకి లైసెన్సు ఉన్నవారు ఎవరైనా ఉంటే, అనుమతి అడిగి ఆ లైసెన్సు పుస్తకం చూడండి. తుపాకి వివరాల పక్కన తూటాల గురించి రెండు అంకెలు ఉంటాయి. ఒకేసారి దగ్గర ఉంచుకోదగిన తూటాలు ఎన్నో ఒకటి చెబుతుంది. ఏడాదిలో కొనదగినవి ఎన్నో రెండోది చెబుతుంది. ఆ రెండు అంకెలను మీ నోటుపుస్తకంలో చింతపల్లి లెక్క పక్కన రాసుకోండి.